ఇండోర్ వేడుకల్లో రెండు మూడు ఫ్లాష్‌లు వాడినప్పుడు ఫోటో అంచున నల్లని పట్టీ ఎందుకు వస్తుంది?

దీనికి కారణం సాధారణంగా ఫ్లాష్‌ల సంఖ్య కాదు, షటర్ వేగం. సెన్సర్ ముందు రెండు తెరలు కదిలే ఫోకల్ ప్లేన్ షటర్‌లో మొదటి తెర పూర్తిగా తెరుచుకున్న తరువాత, రెండవ తెర కదలకముందు, సెన్సర్ మొత్తం బయటపడి ఉన్న క్షణంలోనే అన్ని ఫ్లాష్‌లూ వెలగాలి. చాలా కెమెరాల్లో ఇది సెకనులో 1/200 లేదా 1/250 వంతు వరకే సాధ్యం. అంతకన్నా వేగం పెంచితే రెండవ తెర సెన్సర్‌లో కొంత భాగాన్ని అప్పటికే కప్పేస్తుంది. ఫ్లాష్‌ను రేడియో సంకేతంతో వెలిగించే రేడియో ట్రిగ్గర్ స్వల్ప ఆలస్యాన్ని కలిపినా ఇదే జరుగుతుంది కనుక, పట్టీ కనిపిస్తే 1/160కి దిగి చూడండి.

ఈ పరిమితికి మించిన షటర్ వేగంలోనూ ఫ్లాష్ వాడనిచ్చే హై స్పీడ్ సింక్‌ను ఇక్కడ నేను సిఫారసు చేయను. అది ఫ్లాష్‌ను అనేక చిన్న మెరుపులుగా విడగొట్టి, దాని శక్తిని బాగా తగ్గిస్తుంది.

మరో ఫ్లాష్ మెరుపును గుర్తించి తన ఫ్లాష్‌ను వెలిగించే ఆప్టికల్ స్లేవ్ విషయంలో మరింత జాగ్రత్త అవసరం. ఇతర ఫోటోగ్రాఫర్ల ఫ్లాష్‌కు కూడా అది స్పందిస్తుంది. పైగా మీ కెమెరాపై ఉన్న ఫ్లాష్ టీటీఎల్‌లో (లెన్స్ గుండా వచ్చే వెలుగును కొలిచి ఫ్లాష్ శక్తిని కెమెరాయే నిర్ణయించే పద్ధతిలో) ఉంటే, కొలత కోసం ముందుగా వెలిగే చిన్న మెరుపుకే స్లేవ్ వెలిగిపోయి, అసలు ఎక్స్‌పోజర్ సమయానికి అందదు. అందువల్ల జనం ఎక్కువగా ఉన్నచోట రేడియో ట్రిగ్గర్లే నమ్మదగినవి.

ఇక ఫ్లాష్ వెలుగు షటర్ వేగంపై దాదాపు ఆధారపడదు, గదిలోని వెలుగు మాత్రం ఆధారపడుతుంది. 1/60 దగ్గర తీస్తే దీపాల వాతావరణం నిలుస్తుంది. అయితే కదిలేవారి వెంట మసక గీతలు రావచ్చు, ఎక్స్‌పోజర్ చివర్లో ఫ్లాష్‌ను వెలిగించే రియర్ కర్టెన్ సింక్ వాటిని వారి వెనుకకు చేరుస్తుంది.