వాటర్ క్రియ ఎలా అయింది?

ప్రశ్న: మా అబ్బాయి ఏడో తరగతి. ‘వాటర్ ద ప్లాంట్స్’ అనే వాక్యంలో క్రియ ఏదో రాయమంటే, క్రియ లేదని రాసి వచ్చాడు, మార్కు పోయింది. వాటర్ అంటే నీళ్లు, అది నామవాచకమే కదా అని ఒకటే వాదన. నాకూ సర్దిచెప్పడం రాలేదు. ఒకే మాట ఒకచోట నామవాచకం, ఇంకోచోట క్రియ, మరోచోట విశేషణం అంటే పిల్లలు ఎలా గుర్తుపట్టాలండీ?
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: పాపం, మీ అబ్బాయి అచ్చం తెలుగువాడిలా ఆలోచించాడండీ. మనకు ఆట వేరు, ఆడటం వేరు. పాట వేరు, పాడటం వేరు. చాలాసార్లు మాటను చూస్తేనే పేరో పనో తెలిసిపోతుంది. ఇంగ్లీషులోనూ ఒకప్పుడు ఇలాగే ఉండేది. వెయ్యేళ్ల కిందటి ఇంగ్లీషులో ‘లువు’ అంటే ప్రేమ, ‘లువియన్’ అంటే ప్రేమించడం. తర్వాత ఆ చివరి ముక్కలు అరిగి అరిగి ఊడిపోయాయి, రెంటికీ ‘లవ్’ ఒక్కటే మిగిలింది, ఇక అది పేరో పనో తెలియాలంటే వాక్యంలో ఎక్కడ కూర్చుందో చూడటమే దారి.

అందుకని వాటర్ అంటే ఏమిటి అని కాకుండా, ఈ వాక్యంలో వాటర్ ఏం చేస్తోంది అని అడగమనండి. మొక్కలకు నీళ్లు పోయమంటోంది, కాబట్టి క్రియ. ఇంకా అనుమానముంటే కాలం మార్చి చూడాలి: ‘షి వాటర్డ్ ద ప్లాంట్స్’. ‘ద వాటర్ ఈజ్ కోల్డ్’లో ముందు ‘ద’ ఉంది, వెనక ఇంకో పేరు లేదు, అక్కడ నామవాచకం. బుక్ సంగతీ అంతే, మనం టికెట్ బుక్ ‘చేస్తాం’, ఇంగ్లీషువాళ్లకు ఆ ‘చేయడం’ అక్కర్లేదు, ‘బుక్’ ఒక్కటే క్రియ అయిపోతుంది.

విశేషణం దగ్గరే కాస్త ఓపిక కావాలి. ‘ఏ క్లీన్ రూమ్’లో క్లీన్ అసలైన విశేషణం, ‘క్లీన్ ద రూమ్’లో అదే క్రియ, ఇక్కడ గొడవేం లేదు. ‘వాటర్ ట్యాంక్’లో మాత్రం వాటర్ విశేషణం చేసే పనే చేస్తోంది కానీ ‘వెరీ వాటర్’ అనలేం కదా, అందుకే చాలా వ్యాకరణాలు దాన్ని అక్కడ కూడా నామవాచకమనే అంటాయి. ఇలాంటి చోట మనం మాటనే మార్చేస్తాం: రాయితో కట్టింది రాతి గోడ, ఇంట్లో ఉండే పని ఇంటి పని. ఇంగ్లీషు మాట అలా మారదు, ముందూ వెనకా అవుతుందంతే. హౌస్‌బోట్ అంటే పడవ, బోట్‌హౌస్ అంటే పడవలు పెట్టుకునే షెడ్డు!

కొన్నిటిని చెవితో పట్టుకోవచ్చు. ‘యూజ్’ క్రియ, నామవాచకమైతే ‘యూస్’ అని పలకాలి, స్పెల్లింగ్ ఒకటే.

ఇవన్నీ ఒకేసారి చెప్పకండి, టెన్షన్ పడతాడు. ముందు తెలుగులోనే ‘కాలికి కట్టు కట్టు’ అని రాసి, రెండు కట్టుల్లో పని ఏదో చెప్పమనండి. క్షణంలో చెప్తాడు. అప్పుడు దాని పక్కనే ‘వాటర్ ద ప్లాంట్స్’ రాసివ్వండి.