పాట చిత్రీకరణలో విద్యార్థులు ఏమి నేర్చుకుంటారు?

ఒడిశాలోని బరంపురంలో చదివే మన తెలుగు విద్యార్థులు గోపాల్‌పూర్ తీరంలో తీసే పాట వీడియోకు పనిచేస్తే ఏమి నేర్చుకుంటారన్నది ప్రశ్న. కెమెరా కంటే ముందు వంటబట్టేది కాలం లెక్క. స్లో మోషన్‌లోనూ పెదవులు పాటతో కలవాలంటే, పాటను రెట్టింపు వేగంతో వినిపిస్తూ సెకనుకు 25కు బదులు 50 ఫ్రేములు (విడి చిత్రాలు) తీసి, ఎడిటింగులో సగం వేగానికి తగ్గించాలి. ఈ కిటుకు చదివినప్పటి కంటే, అలల హోరులో స్పీకరు పట్టుకుని నిలబడి, గాయని పెదవులు పరుగెత్తడం చూసినప్పుడే బుర్రకెక్కుతుంది. షాటు షాటుకూ ఫొటో తీసి ఉంచుకోవడమూ అలవడుతుంది, ఎందుకంటే తడిసిన పైట మరుసటి షాటులో పొడిగా కనిపిస్తే ఎడిటరు చేయగలిగింది తక్కువ. లైటింగు మాత్రం ఒక్క షూటింగుతో రాదు. అక్కడి జాలరులలో చాలామంది తెలుగువారే కనుక పడవ కాస్త జరపమని అడగడం సులువే, కానీ వల లాగే వేళ అడగకూడదు.