టెక్ సందేహాలు: డాక్‌లో సరౌండ్ నొక్కితే అసలేం మారుతోంది?

ప్రశ్న: బెంగళూరు మారతహళ్లిలో పీజీలో ఉంటాను. ఈమధ్యే పోర్టబుల్ హెడ్‌ఫోన్ డాక్ (డీఏసీ, అంటే డిజిటల్ ఆడియోను హెడ్‌ఫోన్‌కు కావాల్సిన అనలాగ్ సంకేతంగా మార్చే పరికరం) కొన్నాను. దాని యాప్‌లో సరౌండ్, క్రాస్‌ఫీడ్, క్రాస్‌ఓవర్ అని మూడు ఆప్షన్లున్నాయి. సరౌండ్ ఆన్ చేస్తే సంగీతం విశాలంగా వినిపిస్తోంది గానీ పాడేవాళ్ల గొంతు దూరం జరిగిపోతోంది. క్రాస్‌ఫీడ్ ఆన్ చేసినా ఆఫ్ చేసినా ఒకటే. డాక్‌లో లోపమా? ఎలా పరీక్షించాలి?

జవాబు: లోపం కాకపోవచ్చు. కానీ ఇష్టమైన పాట పెట్టి బటన్ నొక్కుతూ కూర్చుంటే ఎన్నాళ్లకూ తేలదు. ఏ ఆప్షన్ పని ఏమిటో తెలిస్తే పరీక్ష తేలిక.

గదిలో స్పీకర్ల ముందు కూర్చున్నప్పుడు ఎడమ స్పీకర్ శబ్దం కుడి చెవికి కూడా చేరుతుంది. స్పీకర్ 30 డిగ్రీల పక్కకు ఉంటే సుమారు 0.26 మిల్లీసెకన్లు ఆలస్యంగా వస్తుంది. పై ఫ్రీక్వెన్సీలను తల అడ్డుకుంటుంది కాబట్టి కాస్త మొద్దుగానూ వస్తుంది. హెడ్‌ఫోన్‌లో ఈ కలయిక ఉండదు. క్రాస్‌ఫీడ్ దాన్నే కృత్రిమంగా కలుపుతుంది. చాలా ప్లేయర్లలో కనిపించే బీఎస్2బీ అనే ఉచిత ఫిల్టర్‌లో డిఫాల్ట్ విలువలు 700 హెర్ట్జ్, 4.5 డెసిబెల్స్. అంటే కింది ఫ్రీక్వెన్సీలు అవతలి చెవికి 4.5 డెసిబెల్స్ మాత్రమే తగ్గి వెళ్తాయి, 700 పైకి వెళ్లేకొద్దీ ఆ కలయిక సన్నగిల్లుతుంది.

క్రాస్‌ఓవర్‌కు దీనితో సంబంధం లేదు. సబ్‌వూఫర్‌కూ స్పీకర్లకూ శబ్దాన్ని ఎక్కడ విడదీయాలో చెప్పేది అది, సాధారణంగా 80 హెర్ట్జ్ దగ్గర. సౌండ్ బ్లాస్టర్ తరహా యాప్‌లలో బేస్ బటన్ కింద ఉండే క్రాస్‌ఓవర్ ఫ్రీక్వెన్సీ పని మళ్లీ వేరు: ఏ ఫ్రీక్వెన్సీకి దిగువన బేస్ పెంచాలో అది చెబుతుంది. హెడ్‌ఫోన్‌కు దాన్ని 80 చుట్టుపక్కలే ఉంచండి. 150 దాటిస్తే మగ గొంతులు కుండలోంచి వస్తున్నట్టుంటాయి.

ఇప్పుడు పరీక్ష. అడాసిటీ అనే ఆడియో ఎడిటింగ్ ప్రోగ్రామ్‌లో మోనో (ఒకే ఛానల్) ట్రాక్ తెరిచి జనరేట్ మెనూలో టోన్ ఎంచుకోండి: సైన్, 100 హెర్ట్జ్, యాంప్లిట్యూడ్ 0.3, పది సెకన్లు. ట్రాక్ పక్కనున్న ప్యాన్ స్లైడర్‌ను పూర్తిగా ఎడమకు జరిపి, స్టీరియో వేవ్ ఫైల్‌గా 48 కిలోహెర్ట్జ్‌లో ఎక్స్‌పోర్ట్ చేయండి. ఎంపీ3 వద్దు, అది రెండు ఛానళ్లనూ తన లెక్కల కోసం కలిపేసే అవకాశముంది. ఇలాగే 700, 5000 హెర్ట్జ్‌లతో ఇంకో రెండు ఫైళ్లు చేసుకోండి.

వాల్యూమ్ తగ్గించి వాటిని ప్లే చేయండి. ఎడమ కప్పు చెవి మీది నుంచి తీసేసి, కుడి చెవితో మాత్రమే వినండి. క్రాస్‌ఫీడ్ ఆఫ్‌లో ఉన్నప్పుడు కుడివైపు నిశ్శబ్దం. ఆన్ చేశాక ఒక్కో టోన్‌నూ ఎడమ కప్పులో వచ్చే మోతతో పోల్చి చూడండి: కుడివైపు 100 హెర్ట్జ్ మోత స్పష్టంగా రావాలి, 700 దగ్గర కాస్త ఎక్కువ తగ్గాలి, 5000 దగ్గర బాగా సన్నబడాలి. ఎడమతో పోలిస్తే మూడూ ఒకే మోతాదులో వస్తే అది క్రాస్‌ఫీడ్ కాదు, రెండు ఛానళ్లను కలిపేయడం. మూడింట్లో ఏదీ రాకపోతే ఎఫెక్ట్ అసలు అమల్లో లేదు.

అమల్లో లేకపోవడానికి ఎక్కువగా కనిపించే కారణం డైరెక్ట్ మోడ్. అది ఆన్‌లో ఉంటే ఎఫెక్ట్‌లన్నీ పక్కకు తప్పుకుంటాయి. రెండోది శాంపిల్ రేటు, అంటే ఫైల్‌లో శబ్దాన్ని సెకనుకు ఎన్నిసార్లు నమోదు చేశారన్నది. కొన్ని డాక్‌లలో ఎఫెక్ట్‌ల లెక్కలు చేసే డీఎస్పీ చిప్ ఒక హద్దు వరకే పనిచేస్తుంది. ఫైల్ 192 కిలోహెర్ట్జ్‌దైతే ఎఫెక్ట్ చడీచప్పుడు లేకుండా ఆగిపోతుంది, యాప్‌లో బటన్ మాత్రం ఆన్ అనే చూపిస్తుంది. అందుకే పైన 48 అన్నాను. ఐఫై కంపెనీ డాక్‌లలో ఉండే ఎక్స్‌స్పేస్ లాంటి అనలాగ్ సర్క్యూట్‌లకు ఈ బెడద లేదు.

టోన్‌తో తేడా తెలిసి పాటతో తెలియడం లేదంటే, ఆ పాట ఎలాంటిదో చూడాలి. 1950, 60ల తెలుగు సినిమా పాటలు చాలావరకు మోనోలో రికార్డైనవే. రెండు ఛానళ్లలోనూ ఒకే శబ్దం ఉన్నప్పుడు కలపడానికి కొత్తగా ఏమీ ఉండదు, మహా అయితే బేస్ కాస్త మారుతుంది. ఒక వాద్యాన్ని పూర్తిగా ఎడమకు, ఇంకోదాన్ని పూర్తిగా కుడికి తోసేసిన తొలినాళ్ల స్టీరియో రికార్డింగులు పెట్టి చూడండి, క్రాస్‌ఫీడ్ విలువ అక్కడ తెలుస్తుంది. కొత్త పాటల మిక్సింగ్‌లో బేస్ ఎలాగూ మధ్యలోనే ఉంటుంది కాబట్టి ఆఫ్‌లో ఉంచినా పోయేదేమీ లేదు.

కొలిచి చూడాలనుకుంటే డాక్ 3.5 జాక్ నుంచి డెస్క్‌టాప్ వెనకున్న నీలం రంగు లైన్-ఇన్‌కు కేబుల్ కలిపి రికార్డు చేయండి. ఎస్.పి. రోడ్‌లో దొరికే మామూలు కేబుల్ చాలు, ప్లగ్ మీద రెండు గీతలున్నది అడగండి. ల్యాప్‌టాప్ కాంబో జాక్ పనికిరాదు, అందులో మైక్ ఇన్‌పుట్ ఒకే ఛానల్. 4.4 బ్యాలెన్స్‌డ్ అవుట్‌ను (ఎడమ, కుడి ఛానళ్లకు విడివిడి తీగల జతలుండే జాక్) మాత్రం అడాప్టర్ పెట్టి మామూలు ఇన్‌పుట్‌కు కలపకండి. నెగటివ్ తీగలు గ్రౌండ్‌కు షార్టై యాంప్ చిప్ పోవచ్చు.

సరౌండ్ సంగతి. దానికి ముడిసరుకు 5.1 లేదా 7.1 ఛానళ్లు, అంటే చుట్టూ ఉండే ఆరు లేదా ఎనిమిది స్పీకర్లకు విడివిడిగా వెళ్లే శబ్దం. విండోస్ పాత కంట్రోల్ ప్యానెల్‌లో సౌండ్ తెరిచి, డాక్ పేరు మీద నొక్కి, కాన్ఫిగర్‌లోకి వెళ్లండి. 7.1 కనిపిస్తే అది ఎంచుకుని ఒక్కో స్పీకర్ బొమ్మ మీద నొక్కండి. వెనక స్పీకర్ నొక్కితే శబ్దం పక్కల నుంచి వెనక్కి జరిగినట్టుండాలి. స్టీరియో ఒక్కటే కనిపిస్తే మీ డాక్ చేస్తున్నది రెండు ఛానళ్లను సాగదీయడమే. గొంతు దూరం జరగడం దాని లక్షణం: రెండు ఛానళ్ల మధ్య తేడాను పెంచి, గది మోతను కలిపితే మధ్యలో ఉండే గొంతు పలచబడుతుంది. పాటలకు దాన్ని ఆపేయడమే మేలు.

7.1 ఉన్నా ముందు, వెనక తికమక కొంత తప్పదు. అన్ని ఛానళ్లనూ రెండు చెవులకు కుదించే లెక్కలు సగటు తల, సగటు చెవి ఆకారం మీద చేసినవి, మీ చెవి డొప్పకు సరిగ్గా సరిపోవు. సినిమాకు, గేమ్‌కు వాడేటప్పుడు ఆ కుదింపు ఒక్కచోటే జరగాలి. విండోస్‌లో స్పేషియల్ సౌండ్, డాక్‌లో సరౌండ్ రెండూ ఆన్‌లో ఉంటే శబ్దం బావిలోంచి వచ్చినట్టుంటుంది. వాలరెంట్ గేమ్‌లో ఇదే పని చేసే హెచ్ఆర్‌టీఎఫ్ ఆప్షన్ ఆన్ చేస్తే డాక్‌ను మామూలు స్టీరియోలో పెట్టండి. ఫోన్ నుంచి డాక్‌కు సాధారణంగా వెళ్లేది రెండు ఛానళ్లే కాబట్టి అక్కడ డాక్ సరౌండ్‌తో పనిలేదు.

పోల్చేటప్పుడు ఇంకో మాట. ఎఫెక్ట్ ఆన్ చేయగానే ఒకట్రెండు డెసిబెల్స్ పెరిగితే చెవి దాన్ని నాణ్యత అనుకుంటుంది. అడాసిటీలో పింక్ నాయిస్ (అన్ని ఫ్రీక్వెన్సీలూ కలిసిన హోరు) చేసి, ఆన్, ఆఫ్ రెండింట్లోనూ ఒకే వాల్యూమ్ వచ్చేలా సర్దాకే పాట వినండి.

ప్రశ్న: బీటీఎం లేఅవుట్‌లో ఉంటాను. ఇలాంటి పరీక్షే చేస్తుంటే ల్యాప్‌టాప్‌కు ఛార్జర్ పెట్టినప్పుడు సన్నటి గుయ్ శబ్దం వస్తోంది. డాక్ మార్చాలా?

జవాబు: ఛార్జర్ పీకేసి బ్యాటరీ మీద వినండి. శబ్దం పోతే డాక్ బాగానే ఉంది. రెండు పిన్నుల ఛార్జర్ లీకేజీ, లేదా సాకెట్‌లో ఎర్త్ తీగ లేకపోవడం కారణం కావచ్చు. పాత ఇళ్లను పీజీలుగా మార్చినచోట మూడో రంధ్రం ఉన్నా దాని వెనక తీగ ఉండకపోవచ్చు, ఎలక్ట్రీషియన్‌తో చూపించండి. యూఎస్‌బీ ఐసొలేటర్ (ల్యాప్‌టాప్‌కూ డాక్‌కూ మధ్య విద్యుత్ సంబంధాన్ని తెంచి డేటాను మాత్రం పంపేది) కొనాలనుకుంటే ఒకటి గమనించండి: ఏడీయూఎం4160 చిప్‌తో వచ్చే చవక రకాలు 12 ఎంబీపీఎస్ వేగం దగ్గర ఆగిపోతాయి. వాటితో డాక్‌ను యూఏసీ 1.0 (యూఎస్‌బీ ఆడియో పాత ప్రమాణం) మోడ్‌లోనే వాడాలి, అందులో 7.1 రాకపోవచ్చు.

ప్రశ్న: 4.4 బ్యాలెన్స్‌డ్‌లో ఛానళ్లు బాగా విడిపోతాయంటారు. అందులో క్రాస్‌ఫీడ్ పెడితే ఆ లాభం పోయినట్టేనా?

జవాబు: పోతుంది, పోవడమే దాని ఉద్దేశం. అయినా 3.5 జాక్‌లో జరిగే కలయిక సాధారణంగా వినబడనంత చిన్నది. క్రాస్‌ఫీడ్ కలిపేది దానికి వందల రెట్లు. 4.4 వల్ల అసలు లాభం పవర్. మీ హెడ్‌ఫోన్ 300 ఓమ్‌లదైతే దాన్ని వాడండి, 32 ఓమ్‌ల ఇయర్‌ఫోన్‌కు 3.5 చాలు.