పాత తలుపు గీకే ముందు

చి.సౌ. మేనకోడలికి,

మామయ్య ఆశీస్సులు. బాబుకు ముద్దులు.

మీ అమ్మ ఫోన్ చేసి నిన్ను తిట్టాల్సిందంతా నన్ను తిట్టింది. "సెలవులకు నీ షాపులో తిరిగిన బుద్ధే అది. బ్యాంకు ఉద్యోగం వదిలేసి పాత సామాన్లు ఏరుకుంటానంటోంది, నువ్వే చెప్పి మాన్పించు" అంది. నేను సరే సరే అన్నాను. మాన్పించడానికి మాత్రం ఈ ఉత్తరం రాయడం లేదు. ఫోన్ పెట్టేశాక మీ అత్త నీ వీడియోలు చూపించింది. ఉయ్యాల బల్లతో నువ్వు చేసిన టీపాయ్ చూశాను. కాళ్ళు మేకులతో కొట్టకుండా చెక్కలో చెక్క దూర్చి బిగించావు. మీ తాత ఉండుంటే దాన్ని తిరగేసి అడుగు చూసి, ఏమీ అనకుండా పక్కన పెట్టేవాడు. ఆయన ఏమీ అనలేదంటే అంతకు మించిన మెచ్చుకోలు లేదు.

అయితే ఆఖరి వీడియో కూడా చూశాను. తిరుపతి కొర్లగుంటలో మీ ఇంట్లో, హాలు మధ్యలో, ఆకుపచ్చ తలుపు రెక్కను పడుకోబెట్టి హీట్ గన్‌తో రంగు కాల్చి గీకుతున్నావు. వెనకనుంచి బాబు పాక్కుంటూ వచ్చి ఒక పెచ్చు చేతిలోకి తీసుకున్నాడు. నువ్వు నవ్వుతూ "మా అసిస్టెంట్‌ను చూడండి" అన్నావు. కింద అందరూ నవ్వు బొమ్మలు పెట్టారట. నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

ఆ పని ఆపెయ్ అమ్మీ. ఉత్తరం చదివాక ఆపడం కాదు. ముందు ఆపు, తర్వాత చదువు.

ఎందుకో చెబుతాను. మీ అమ్మకు ఇది లీలగా కూడా గుర్తుండదు, అప్పటికి తనకు మూడేళ్ళు. 1971లో పుంగనూరు వైపు ఒక పల్లెలో పాత మిద్దె పడగొడుతుంటే మా నాయన తలుపులు, కిటికీలు, ఒక దూలం కొని లారీలో చిత్తూరు గ్రీమ్స్‌పేటలోని మా ఇంటికి తెచ్చాడు. అంతా బర్మా టేకు. నాయన సంబరం ఇంతా అంతా కాదు. కానీ ఆ టేకు కంటికి కనపడితే కదా! పైన ఆకుపచ్చ, దాని కింద పసుపు, ఆ కింద తెలుపు, మళ్ళీ ఏదో పచ్చ. ఆ ఇంట్లో పెళ్ళి జరిగినప్పుడల్లా ఒక పూత వేయించినట్టున్నారు. హీట్ గన్నులు అప్పుడెక్కడివి, కిరోసిన్‌తో మండే బ్లో ల్యాంప్ ఉండేది. వానలు పట్టుకోవడంతో నాయన పనిని బయటి నుంచి వసారాలోకి మార్చాడు. వసారాకీ వంటింటికీ మధ్య అడ్డం ఒక గోనెపట్టా, అంతే. మంట తగలగానే రంగు బుడగలు లేచేది, రేకుతో గీకేవాడు, మిగిలింది ఉప్పు కాగితంతో రుద్దేవాడు. ఆ పొడి బొంతల మీద, నీళ్ళ బాన మూత మీద, ఆరేసిన బట్టల మీద పడేది. జేజి రోజూ చీపురుతో ఊడ్చేది. ఊడ్చినప్పుడల్లా అది మళ్ళీ గాల్లోకి లేచేది. మీ అమ్మ ఆ రంగు పెచ్చులు పోగేసుకుని బొమ్మలకు పళ్ళేలుగా పెట్టి ఆడుకునేది. నోట్లో పెట్టుకునేది కూడా. ఎవరూ కాదనలేదు, పిల్లలు మన్ను తినడం కొత్తా?

వానలు తగ్గేసరికి పిల్ల తిండి మానేసింది. కడుపు పట్టుకుని ముడుచుకుని పడుకునేది. మొహం తెల్లగా పాలిపోయింది. దిష్టి తీశారు, తాయెత్తు కట్టారు, నులిపురుగుల మందు పోశారు. ఏదీ పనిచేయక వేలూరు తీసుకెళ్ళారు. అక్కడొక డాక్టర్ రక్తం తీసి మైక్రోస్కోప్ కింద చూసి, మందు రాయడానికి ముందు నాయన్ని అడిగాడట, "మీ ఇంట్లో ఏం పని చేస్తారు?" అని. పాత తలుపుల రంగు గీకుతామని చెప్పగానే పెన్ను కింద పెట్టేశాడట. ఎర్రకణాల్లో చుక్కలు కనపడుతున్నాయి, ఇది సీసం అన్నాడు. మందు సంగతి తర్వాత, ముందు పిల్లను ఆ ఇంట్లోంచి తీసేయమన్నాడు. పలమనేరులో మా అవ్వ దగ్గరికి పంపారు. పాలు, ఆకుకూరలు బాగా పెట్టమన్నారు. కోలుకోవడానికి ఏడాది దాటింది. బళ్ళో వేశాక కూడా అక్షరాలు నిలవక ఏడ్చేది. అది సీసం వల్లో, చిన్నప్పుడే తల్లికి దూరంగా ఉండడం వల్లో ఎవరు చెప్పగలరు? నాయన మాత్రం తన వల్లేననుకున్నాడు. ఆ తర్వాత మీ అమ్మ లెక్కల టీచర్ అయిందనుకో. ఆ ఉద్యోగం ఆర్డర్ వచ్చిన రోజు నాయన షాపుకు తాళం వేసి ఇంట్లో కూర్చున్నాడు. ఎందుకో అప్పుడు ఎవరికీ చెప్పలేదు, మేమూ అడగలేదు.

ఇప్పుడు ఆ రంగు సంగతి. పాత ఎనామిల్ పెయింట్లలో తెలుపు అంటే సీసం, మెరిసే పసుపు, పచ్చల్లోనూ సీసమే. ఇనుప గేట్లకు, గ్రిల్లులకు మొదటి పూతగా వేసే ఎర్ర రంగూ అంతే. ఇంటికి వేసే రంగుల్లో సీసం 90 పీపీఎం, అంటే పది లక్షల పాళ్ళలో 90 పాళ్ళు, దాటకూడదన్న రూలు మన దేశంలో 2017 నవంబర్ 1 నుంచే అమల్లోకి వచ్చింది. నువ్వు ఏరుకొచ్చే తలుపులన్నీ అంతకు ముందువే కదా. కాలిస్తే అది ఆవిరై ఊపిరిలోకి పోతుంది, పొడిగా రుద్దితే దుమ్మై నేల మీద కూర్చుంటుంది. పాకే పిల్లాడు ఆ నేల మీదే చేతులు పెట్టి, అవే చేతులు నోట్లో పెట్టుకుంటాడు. పెద్దవాళ్ళకంటే పిల్లల ఒంటికి అది ఎక్కువగా పడుతుంది, అదీ ఎదిగే మెదడు మీద పనిచేస్తుంది.

కాబట్టి ముందు బాబుకు రక్తంలో సీసం పరీక్ష చేయించు, నువ్వూ చేయించుకో. మామూలు రక్తపరీక్షలో అది రాదు, విడిగా అడగాలి. రెండోవాడి ఆలోచన ఏదైనా ఉంటే ఆ సంగతి మీ అత్తతో మాట్లాడు, నాకు చెప్పక్కర్లేదు. హాలును తడిగుడ్డతో తుడిపించు, చీపురు పట్టనివ్వకు. గీకక తప్పని తలుపైతే ఆరుబయట, కింద ప్లాస్టిక్ పట్టా పరిచి, నీళ్ళు చల్లి తడిగా గీకు. ఎన్95 మాస్కు పెట్టుకో, చేతిరుమాలు ఆగదు దానికి. పెచ్చుల్ని పట్టాతో సహా మూట కట్టు, మంట మాత్రం పెట్టొద్దు. నన్నడిగితే సగం తలుపులు అసలు గీకనే అక్కర్లేదు. రంగు గట్టిగా పట్టుకుని ఉంటే కడిగి, ఆరబెట్టి, పైన రంగులేని వార్నిష్ వెయ్యి. గోడకు ఆనించి అద్దం బిగించుకునే వాళ్ళకు ఆ వెలిసిన పచ్చే కదా ముచ్చట! ఊయలకు, పిల్లల బల్లకు మాత్రం ఆ చెక్క వాడకు.

ఇక మిగతావి నీకు తెలిసినవే, మామయ్యను కనుక రాస్తున్నాను. పాత చెక్కకు రంపం పెట్టే ముందు అయస్కాంతంతో తడిమి చూడు, లోపల మేకు విరిగి ఉంటే బ్లేడు తెగి మొహం మీదికి వస్తుంది. చెక్క కింద పిండిలాగా తాజా పొడి రాలుతుంటే పురుగు ఇంకా బతికే ఉంది, దాన్ని మంచి చెక్క పక్కన పెట్టకు. కార్తీకంలో లక్క పాలిష్ పట్టకు, మనకు అసలు వానలు అప్పుడే, తేమకు పాలిష్ తెల్లగా మసకబారుతుంది. ఇత్తడి చెంబును ల్యాంప్ చేస్తే ఎలక్ట్రీషియన్‌తో ఎర్త్ వైరు తప్పకుండా ఇప్పించు. పాత పట్టుచీరలతో దిండు గలీబులు కుడతానన్నావు, కుట్టు, కానీ మడతల దగ్గర పట్టు పొడిపొడిగా ఊడిపోతుంది, లోపల నూలు గుడ్డ వేసి కుట్టు. పనిచేసే కుట్టుమిషన్‌ను మాత్రం విరగ్గొట్టి స్టాండుతో బల్ల చెయ్యకు. అది చేసేవాళ్ళను చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది.

నా రెండో భయం పోలీసులు. నవ్వకు. నువ్వుండేది శేషాచలం కొండల కింద. ఎర్రచందనం ముక్క నీ ఇంట్లో దొరికితే అది మీ ముత్తవ్వ రోకలా, నిన్న కొండ మీద నరికిన దుంగా అని ఎవడు తేలుస్తాడు? "పాత మంచం కోడు అమ్మా, చవగ్గా ఇస్తా" అని ఎవరైనా తెస్తే ముందు ఎత్తి చూడు. మామూలు చెక్క కంటే బరువుంటుంది, చిన్న ముక్కను నీళ్ళలో వేస్తే మునుగుతుంది. స్పిరిట్ తడిపిన దూదితో తుడిస్తే దూదికి ఎరుపు దిగుతుంది. అలా దిగితే వద్దని చెప్పి పంపించెయ్, బేరం ఆడకు. చెక్కిన బొమ్మలే కావాలంటే మాధవమాల పనివాళ్ళవి బిల్లుతో కొను. మన ఇంట్లో కొలువులో పెట్టే మరపాచి బొమ్మలు, ఆ ఎర్రచందనంతో చేసినవే, మీ అమ్మ నీకే ఇస్తుంది, ఆ జంటను ఎక్కడా అమ్మకానికి పెట్టకు.

దేవుడి సామాన్లూ అంతే. గుడి గంట, ఉత్సవ విగ్రహం, రాతి శిల్పం, ఏ పల్లెలో ఎంత చవగ్గా దొరికినా ముట్టకు. నూరేళ్ళు దాటిన అలాంటి వస్తువులకు 1972 నాటి పురావస్తువుల చట్టం ఉంది, అమ్మాలంటే లైసెన్సు కావాలి, దేశం దాటించడం మనబోటివాళ్ళకు కుదరదు. అమెరికా నుంచి ఆర్డర్లు వస్తున్నాయని మురిసిపోయావు కదా, ఏం పంపుతున్నావో చూసుకుని పంపు. భోషాణం అడుగున తాటాకు కట్టలు కనపడితే ఫ్రేము కట్టి గోడకు తగిలించకు. వ్రాతప్రతికి 75 ఏళ్ళు దాటితే అదీ ఆ చట్టం కిందికే వస్తుంది. మీ ఊళ్ళోనే యూనివర్సిటీలో ఓరియంటల్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్ ఉంది, తీసుకెళ్ళి చూపించు. అందులో ఏముందో చదివి చెప్పగలవాళ్ళు అక్కడుంటారు.

ఇత్తడి, రాగి పాత్రల గురించి ఒక మాట. పాత సామాన్ల కొట్లో గంగాళాలు, బిందెలు కిలో లెక్కన కొంటున్నావు. చింతపండుతో తోమేటప్పుడు అంచు దగ్గర చూడు, చుక్కలు చుక్కలుగా పేర్లు కొట్టి ఉంటాయి. ఫలానా పెళ్ళికి ఫలానా వారు ఇచ్చారని. కొన్నింటి మీద తేదీ కూడా ఉంటుంది. ఈ కాలం పిల్లలు, ఎవరి పేరో మా ఇంట్లో ఎందుకని బఫ్ మిషన్ పెట్టి అరగదీస్తున్నారని విన్నాను. నువ్వు ఆ పని చెయ్యకు. మీ జేజమ్మ పోయాక ఆమెకు సంబంధించి ఇంట్లో మిగిలింది ఒక బిందె మీద పేరే. ఫోటో లేదు, సంతకం లేదు, ఆమె చదువుకోలేదు. ఆ బిందెను మా చిన్నాన్న కష్టకాలంలో తూకానికి వేసి వచ్చాడు. ఆయన్ను అనలేం, ఇంట్లో బియ్యం లేవు. ఇప్పటికీ నేను పాత ఇత్తడి కొట్టు కనపడితే బిందెల అంచులు తిప్పి చూస్తాను. ఎవరో కొనుక్కుని అందులో పూల మొక్క పెట్టుకుని ఉంటే పెట్టుకోనీ, ఆ పేరు మాత్రం ఉండనిస్తే చాలు. నువ్వు అమ్మేటప్పుడు ఆ పేరును ఫోటో తీసి చూపించు. ఉన్నా పరవాలేదనే వాళ్ళకే అమ్ము. ఇంకో మాట, అందులో వండుకుంటామని అడిగితే కళాయి పూయించకుండా ఇవ్వకు. కళాయికి శుద్ధమైన తగరమే వాడమని దగ్గరుండి చెప్పు, చవకదాంట్లో సీసం కలుపుతారు. చూశావా, తిరిగి అక్కడికే వచ్చాను.

ధర దగ్గర మొహమాటపడకు. కొన్న ధర మీద లెక్క వెయ్యకు, పట్టిన రోజులకు కూలి కట్టుకో. చుట్టాలకు తగ్గించకు, నాకు కూడా.

ఉద్యోగం ఇప్పుడే మానేయకు. ముందు సెలవు పెట్టి దసరా, దీపావళి అమ్మకాలు చూడు. అప్పుడు మీ అమ్మతో నేను మాట్లాడతాను. తన పిల్ల తన తండ్రి పనే ఎత్తుకుందని లోపల సంతోషంగానే ఉంది, గొంతులోనే తెలిసిపోతోంది. బయటికి మాత్రం అనదు, నాయన పోలిక.

పలమనేరు రోడ్డులో నాయన షెడ్డు ఖాళీగానే ఉంది. పిల్ల జబ్బు పడ్డాక ఆయన రంగు గీకే పనంతా అక్కడికే మార్చాడు. బోరు ఉంది, గాలి ఆడుతుంది, చుట్టుపక్కల ఇళ్ళు లేవు. తిరుపతి నుంచి తలుపులు ఆటోలో వేయించు, బాడుగ నేనిస్తాను. షెడ్డుకు అద్దె వద్దు, కరెంటు బిల్లు మాత్రం నువ్వే కట్టుకో. నువ్వు పనిచేసినంతసేపు బాబు ఇంట్లో మీ అత్త దగ్గర ఉంటాడు, షెడ్డు వైపు రాడు. నువ్వు కూడా సాయంత్రం బోరు దగ్గరే తలస్నానం చేసి, బట్టలు మార్చుకుని, విడిచినవి వేరే బకెట్లో నానేసి, అప్పుడే ఇంట్లోకి వచ్చి వాణ్ణి ఎత్తుకోవాలి. ఈ ఒక్క విషయంలో నేను బతిమాలను. అలా కుదరదంటే తాళం చెవి ఇవ్వను.

పరీక్ష రిపోర్టు రాగానే నాకు ఫోన్ చెయ్. మీ అమ్మకు కాదు, ముందు నాకు.

నీ మామయ్య,
చిత్తూరు