శాఖలు కలిపేస్తే మా సీనియారిటీ ఏమవుతుంది?

ప్రశ్న: నేను ఒక కేంద్ర మంత్రిత్వ శాఖ కింద ఉన్న సబార్డినేట్ ఆఫీసులో యూడీసీని (అప్పర్ డివిజన్ క్లర్క్). మా మంత్రిత్వ శాఖను మరొకదానితో కలిపి కొత్త మంత్రిత్వ శాఖ ఏర్పాటు చేశారు. చట్టం చేయకుండా గెజిట్ నోటిఫికేషన్‌తోనే ఇలా కలపవచ్చా? అవతలివాళ్లు మా పైకి వచ్చేస్తారేమోనని అందరికీ టెన్షన్‌గా ఉంది. కోర్టుకు వెళ్లవచ్చా?

జవాబు: కలపవచ్చు. ఏ పని ఏ మంత్రిత్వ శాఖ చూడాలో రాజ్యాంగంలోని 77(3) అధికరణ కింద రాష్ట్రపతి పేరిట చేసిన 1961 నాటి నియమాలు చెబుతాయి. వాటిని సవరిస్తే చాలు. 2019లో జలవనరుల మంత్రిత్వ శాఖను, తాగునీరు, పారిశుద్ధ్య మంత్రిత్వ శాఖను కలిపి జలశక్తి మంత్రిత్వ శాఖను తెచ్చింది అలాగే. విలీనాన్నే సవాలు చేద్దామని యూనియన్‌లో ఎవరైనా చందాలు అడుగుతుంటే ఇవ్వకండి. అది విధాన నిర్ణయం, కోర్టులు మామూలుగా జోక్యం చేసుకోవు.

మీరు కాపాడుకోవాల్సింది సీనియారిటీని. మంత్రిత్వ శాఖలు కలిసినంత మాత్రాన కేడర్లు, అంటే ఒకే సీనియారిటీ జాబితా కింద ఉండే ఉద్యోగుల బృందాలు, వాటంతటవే కలిసిపోవు. జలశక్తిలో ఇప్పటికీ రెండు విభాగాలు విడిగానే ఉన్నాయి. కాబట్టి ముందు మీ కేడర్‌ను కలుపుతూ విడిగా ఉత్తర్వు వచ్చిందేమో చూడండి. రాకపోతే మీ సీనియారిటీ జాబితా మీదే. జీతం, పాత సర్వీసు, పెన్షన్ గురించి బెంగ పడక్కర్లేదు, యజమాని మారలేదు కదా, కేంద్ర ప్రభుత్వమే.

కేడర్లు కలిస్తే అసలు పని మొదలవుతుంది. ఇటు ఏ పోస్టు అటు ఏ పోస్టుకు సమానమో తేల్చాలంటే నాలుగు విషయాలు గమనించాలని 1981లో సుప్రీంకోర్టు చంద్రకాంత్ కులకర్ణి కేసులో చెప్పింది: పని స్వభావం, అధికారాలు బాధ్యతలు, కనీస అర్హతలు, జీతం. ప్రమోషన్ వచ్చే అవకాశం తగ్గిందన్న కారణంతో కేసు నిలవదని కూడా అదే తీర్పు చెబుతోంది. ప్రమోషన్‌కు మీ పేరు పరిశీలించడమే మానేస్తే మాత్రం అది హక్కుకు భంగం.

తాత్కాలిక సీనియారిటీ జాబితా రాగానే మీ పేరు పక్కనున్న గళ్లు చూడండి, ముఖ్యంగా ఆ గ్రేడులో రెగ్యులర్ అయిన తేదీ. అవతలివాళ్ల పేర్ల పక్కన ఆ గడిలో అడ్‌హాక్‌గా (తాత్కాలికంగా) చేరిన తేదీ వేసి వాళ్లను పైకి తెచ్చారేమో సరిచూసుకోండి. తప్పుంటే జాబితాలో ఇచ్చిన గడువులోపే రాతపూర్వకంగా అభ్యంతరం ఇచ్చి, ఆఫీసుకు అందినట్టు ఇన్వర్డ్ ముద్ర వేసిన కాపీ దాచుకోండి. నోటిమాటగా సూపరింటెండెంట్‌కు చెప్పి ఊరుకుంటే రేపు రుజువు ఉండదు.

మీ అర్జీని తోసిపుచ్చితే ఆ ఉత్తర్వు తేదీ నుంచి ఏడాదిలోగా క్యాట్‌కు (కేంద్ర ఉద్యోగుల సర్వీసు వివాదాలు చూసే కేంద్ర పరిపాలనా ట్రిబ్యునల్) వెళ్లాలి. ఆరు నెలలైనా జవాబు రాకపోతే, ఆ ఆరు నెలలు ముగిసినప్పటి నుంచి ఏడాది. మళ్లీ మళ్లీ అర్జీలు పెడుతూ కూర్చుంటే గడువు పెరగదు. చాలామంది మంచి కేసులు ఇక్కడే పోగొట్టుకుంటారు. నేరుగా హైకోర్టుకు వెళ్లే వీలు లేదు, క్యాట్ తీర్పు తర్వాతే. పిటిషన్ వేసేటప్పుడు, మీరు గెలిస్తే జాబితాలో కిందికి జారేవాళ్లను కూడా ప్రతివాదులుగా చేర్చమని మీ లాయరుకు గుర్తుచేయండి.