బామ్మర్దికి, ఆ డి విటమిన్ సంగతి

నల్గొండ
ఆదివారం

బామ్మర్దీ,

నువ్వు పంపిన రిపోర్టు ఫొటోలు రెండూ చూశాను. అద్దాలు పెట్టుకుని ఒకసారి, మీ అక్క చేత పెద్దగా చదివించుకుని ఇంకోసారి. విటమిన్ డి 11, మగ హార్మోన్ టెస్టోస్టిరాన్ 284. కింద నువ్వు రాసింది కూడా చదివింది: "బావా, డి తగ్గినందుకే మగతనం తగ్గిందట, టెస్టోస్టిరాన్ సూదులు, మగతనం పొడి డబ్బా రెండూ మొదలుపెట్టమంటున్నారు." అక్కడికి ఆపేసి, పొయ్యి మీద పాలున్నాయని లోపలికి పోయింది. అందుకే ఫోన్ చేయకుండా కాగితం పట్టాను. దీన్ని నువ్వొక్కడివే చదువు.

నేను డాక్టర్ని కాదు, కరెంటు స్తంభాలెక్కి రిటైరైనవాణ్ని. కానీ ఈ డి విషయంలో ఒంటి మీద దెబ్బ తిని నేర్చుకున్నాను. నీకు చెప్పలేదు, సిగ్గనిపించి. రెండేళ్ల కింద నేను ఐదు రోజులు దవాఖానలో పడుకున్నది కడుపునొప్పికి కాదు.

అప్పుడు నా డి 9. డాక్టర్ 60,000 యూనిట్ల పొడి ప్యాకెట్లు రాశారు, వారానికి ఒకటి, ఎనిమిది వారాలు. ఆ చీటీలో "వారానికి" అన్న ముక్క నాకు అర్థం కాలేదు. మెడికల్ షాపులో పిల్లగాడు కవరు మీద పెన్నుతో ఒకటి అని గీసి, "రాత్రి పాలల్లో కలుపుకో తాతా" అన్నాడు. రాత్రి అంటే రోజూ రాత్రే అనుకున్నాను. ఎనిమిది అయిపోతే మళ్లీ తెచ్చుకున్నాను, ఎవరూ అడగలేదు. పైగా ఎముకలకు బలం చేస్తున్నానని లోపల ఒక గర్వం.

నెల దాటాక దాహం మొదలైంది. చెంబు నీళ్లు తాగినా నోరు ఎండిపోయేది. రాత్రి ఐదారుసార్లు లేచేవాణ్ని, ప్రోస్టేటేమో అనుకున్నాను. మలబద్ధకం, అన్నం వాసనకే వాంతి. చివరికి ఒకరోజు టీవీ రిమోట్ చేతిలో పట్టుకుని, బండి తాళంచెవి ఏదని ఇల్లంతా వెతికాను. అది చూసి మీ అక్క భయపడి పిల్లలకు ఫోన్ చేసింది. రక్తంలో కాల్షియం 13 దాటింది, పదిన్నర లోపు ఉండాల్సింది. వాడే మందులన్నీ తెమ్మంటే మీ అల్లుడు మంచం కింది డబ్బా తెచ్చి బల్ల మీద బోర్లించాడు. డాక్టరమ్మ ఖాళీ ప్యాకెట్లు ఒక్కొక్కటే లెక్కపెట్టింది. యాభై రెండు. లెక్క అయ్యేదాకా గదిలో ఎవరూ మాట్లాడలేదు.

సెలైన్లు ఎక్కించి కిడ్నీలు కాపాడారు. డి మాత్రం వెంటనే దిగదు. బీ విటమిన్ లాగా మూత్రంలో పోయేది కాదు, కొవ్వులో దాక్కుని నెలల తరబడి నెమ్మదిగా బయటికొస్తుంది. కాబట్టి 11 ఉందంటే తీసుకో, తప్పదు, 20 లోపు లోపమే. కానీ ఎన్నిసార్లో, ఎన్ని వారాలో డాక్టర్ నోటితో చెప్పించుకుని గోడ క్యాలెండర్ మీద రాసుకో. ఆ కోర్సు అయ్యాక రోజుకు 600 నుంచి 800 యూనిట్లు మన వయసువాళ్లకు లెక్క, మళ్లీ టెస్టు చూసి డాక్టరే చెప్తారు. బాగా అన్నం తిన్నాక వేసుకుంటే ఒంటికి పడుతుంది. డి ని ఒకేసారి పెద్ద డోసు సూదిగా వద్దని చెప్పు. ఆస్ట్రేలియాలో ముసలి ఆడవాళ్లకు ఏడాదికోసారి 5 లక్షల యూనిట్లు ఇచ్చి చూస్తే పడిపోవడాలు, ఎముకలు విరగడాలు తగ్గకపోగా పెరిగాయి. 2010లో బయటపెట్టారు ఆ సంగతి.

ఇక నీ అసలు టెన్షన్. విటమిన్ అని పేరే గానీ డి చేసేది హార్మోన్ పని. ఎండ తగిలితే చర్మంలో తయారై, కాలేయంలో ఒకసారి, కిడ్నీలో ఇంకోసారి మారి, తిన్న కాల్షియాన్ని పేగుల నుంచి లాగుతుంది. అందుకని రెండు హార్మోన్లనూ ఒక తాడుకు కట్టి అమ్ముతున్నారు. ఆస్ట్రియాలో గ్రాజ్ అనే ఊరి డాక్టర్లు 2011లో 54 మంది లావు మగవాళ్ల లెక్కలు చూస్తే, ఏడాదిపాటు డి వాడినవాళ్లకు టెస్టోస్టిరాన్ కొంత పెరిగింది. పొడి డబ్బాలవాళ్లు ఆ ముక్కే పట్టుకున్నారు. అదే ఊరి డాక్టర్లు తర్వాత రెండుసార్లు, 2017లో టెస్టోస్టిరాన్ సరిగ్గా ఉన్నవాళ్ల మీద, 2019లో తక్కువ ఉన్నవాళ్ల మీద చూశారు. ఏమీ పెరగలేదు. ఈ మాట డబ్బా మీద ఉండదు.

మరి నీకు రెండూ ఎందుకు తక్కువొచ్చాయి? నన్నడిగితే నీ షాపు కుర్చీని చూపిస్తాను. పొద్దున తొమ్మిదికి షట్టర్ ఎత్తి కూర్చుంటే రాత్రి దాకా ఎరువుల బస్తాల నీడే. నడుము చుట్టూ చేరిన కొవ్వు డి ని తనలో దాచుకుంటుంది, టెస్టోస్టిరాన్‌ని ఆడ హార్మోన్‌గా మారుస్తుంది. దానికి తోడు ఆరేళ్ల షుగరు. పడుకుంటే నీ గురక పక్కింటికి వినిపిస్తుందని చెల్లె అన్నప్పుడు నవ్వాం గానీ, గురక మధ్యలో ఊపిరి ఆగుతోందేమో చూపించుకో. నిద్ర సరిగ్గా లేనివాడికి ఈ హార్మోన్ తగ్గుతుంది. మీ నాయన డెబ్భై ఏళ్లొచ్చినా గోచీ, రుమాలతో చెల్కలో ఉండేవాడు, ఆయనకు డి టెస్టు ఎవరు చేశారు? తిరుపతిలో డాక్టర్లు చూసినప్పుడు కూడా పట్నం వాళ్లకంటే పొలం పనివాళ్లకే డి ఎక్కువ కనిపించింది.

ఇంకో మాట. నీ రిపోర్టు మూలన టైమ్ ఉంది చూశావా? సాయంత్రం 4:10. అంటే దేవరకొండ నుంచి వచ్చి, హోటల్‌లో బిర్యానీ తిని, అప్పుడు రక్తం ఇచ్చావు. టెస్టోస్టిరాన్ పొద్దున ఎక్కువుంటుంది, పొద్దెక్కేకొద్దీ దిగుతుంది, తిన్నాక ఇంకా దిగుతుంది. మన వయసులో ఆ తేడా కొంత తగ్గుతుంది గానీ పద్ధతి పద్ధతే. పరగడుపున, పొద్దున పది లోపు, వేరువేరు రోజుల్లో రెండుసార్లు. రెండుసార్లూ 300 కన్నా తక్కువొచ్చి, కోరిక పోవడం, తెల్లవారి లేచేసరికి ఉండే గట్టితనం పోవడం లాంటివీ ఉంటేనే డాక్టర్లు దాన్ని జబ్బు అంటారు. నలభై దాటాక ఏటా కాస్త కాస్త తగ్గడం అందరికీ ఉన్నదే, నాకూ ఉంది, మీ అక్కకు తెలుసు.

నిజంగానే తక్కువని తేలితే సూదులు వద్దనను. కానీ ముందు ప్రోస్టేట్‌కు పీఎస్ఏ, రక్తం చిక్కదనానికి హెమటోక్రిట్ చూడాలి, మధ్యమధ్యలో మళ్లీ చూస్తుండాలి, ఎందుకంటే ఆ సూది రక్తాన్ని చిక్కబరుస్తుంది. టెస్టోస్టిరాన్ మీద 2023లో బయటికొచ్చిన పెద్ద పరిశోధనలో (అది సూది కాదు, ఒంటికి రాసుకునే జెల్), 5,000 మందికి పైగా మగవాళ్లలో, గుండెపోట్లు పెరగలేదు. కానీ గుండె లయ తప్పడం, ఊపిరితిత్తుల్లో గడ్డకట్టడం కొంచెం ఎక్కువగా కనిపించాయి. ఎముకలు గట్టిపడతాయనుకుంటే విరగడమే కాస్త ఎక్కువైందని అదే పరిశోధన గురించి 2024లో చెప్పారు, వాళ్లే ఆశ్చర్యపోయారట. పొడి డబ్బా మాత్రం ముట్టుకోకు. ఇలాంటి పొడుల్లో చెప్పకుండా వయాగ్రా మందు కలిపి పట్టుబడ్డవి ఎన్నో. గుండెకు నైట్రేట్ గోలీ వాడేవాడు అది తింటే బీపీ పడిపోయి ప్రాణం మీదికి వస్తుంది.

మోకాళ్ల నొప్పికి పాత బోరునీళ్లే కారణమన్నావు. మన జిల్లాలో నడుము పట్టినా ఫ్లోరైడే, మెడ పట్టినా ఫ్లోరైడే. మర్రిగూడ, మునుగోడు వైపు ఎంతమంది వంగిపోయారో మనం చూసినవాళ్లమే, కాదనను. ఫ్లోరైడ్‌లో మెడ, వెన్ను బిగుసుకుపోతాయి. డి తక్కువైతే తొడల్లో సత్తువ పోతుంది. గొంతుక్కూర్చుని చేతులు ఆనించకుండా లేచి చూడు, సజ్జ మీది డబ్బా అందుకుని చూడు. రెండూ కలిసి కూడా ఉండొచ్చు, కాల్షియం చాలని ఒంట్లో ఫ్లోరైడ్ ఇంకా ఎక్కువ పాడుచేస్తుంది. ఎక్స్‌రే, కాల్షియం, కిడ్నీల సంగతి చెప్పే క్రియాటినిన్ చూపిస్తే డాక్టర్‌కు తెలిసిపోతుంది.

ఎండ సంగతి చెప్తాను. తెల్లవారి లేతెండలో డి తయారు కాదు, దానికి కావాల్సిన కిరణాలు అప్పుడు కిందికి దిగవు. నిలబడితే నీ నీడ నీకంటే పొట్టిగా ఉండాలి, అదీ గుర్తు. చలికాలంలో పదకొండు నుంచి ఒంటిగంట, ఎండాకాలంలో తొమ్మిదిన్నరకే. బనీను తీసి వీపు, చేతులు తగిలేలా అరగంట, వారానికి మూడు నాలుగు రోజులు. మే నెలలో మధ్యాహ్నం మాత్రం ఆ పని చేయకు, వడదెబ్బకు డి మందు కాదు. కారు అద్దం లోపల కూర్చుంటే లాభం లేదు. వయసు పైబడ్డ చర్మంలో సరుకు తగ్గుతుంది కాబట్టి ఇరవై ఏళ్లవాడికంటే మనకు ఎక్కువసేపు పడుతుంది. తిండిలో డి కొంచెమే, గుడ్డు పచ్చసొన, చేపలు.

నీ 11 ఎండతోనే తీరదు, ప్యాకెట్లు వాడాల్సిందే. చీటీ రాయించుకున్నాక ఫొటో పంపు. ఏ వారాల్లో వేసుకోవాలో క్యాలెండర్లో ఎర్ర పెన్నుతో గీసి పంపుతానని మీ అక్క అంటోంది. నా క్యాలెండర్ ఇప్పుడు ఆమె చేతిలోనే ఉంది. వచ్చేవారం బత్తాయిలు కోస్తున్నాం, ఒక సంచి బస్సులో వేస్తాను. షుగరుంది కదా, రసం తీయకుండా రోజుకొకటి తిను.

మీ బావ