బిగ్‌ఫుట్‌ని చూశామన్న వాళ్ల మాటలు రాసుకునేటప్పుడు

నాయనా, ఆశీస్సులు.

అమెరికాలోని వాషింగ్టన్, ఆరెగాన్ రాష్ట్రాల అడవుల్లో బిగ్‌ఫుట్‌ని, అంటే ఒళ్లంతా రోమాలతో మనిషిలా రెండు కాళ్ల మీద నడుస్తుందని చెప్పుకునే ఆ భారీ జంతువుని, చూశామన్న వాళ్ల మాటలన్నీ ఒకచోట చేరుస్తానన్నావు. మంచి పని. ఆ జంతువు ఉందో లేదో తేల్చే బరువు నెత్తిన పెట్టుకోకు. ఎవరు, ఎప్పుడు, ఎక్కడ, ఏం చూశామన్నారో అది పొల్లుపోకుండా రాయి, చాలు.

ముందు వాళ్లని అడ్డు తగలకుండా మొత్తం చెప్పనివ్వు. "ఏడడుగులుంటుందా?" అని నోరు జారావో, ఏడడుగులనే చెప్తారు. ఎత్తు అంకెల్లో అడగొద్దు. పక్కనున్న కొమ్మ దాని భుజం దాకా వచ్చిందా, తల దాకానా అని అడిగి, అక్కడికి వెళ్లి టేపు పెట్టు. నిలబడిన చోటి నుంచి దూరమూ కొలువు. మసక వెలుతురులో దూరం ఎక్కువనుకుంటే ఎత్తు కూడా దానంతటదే పెరిగిపోతుంది.

చూసిన తేదీ, నీకు చెప్పిన తేదీ వేర్వేరు గడుల్లో ఉండాలి. ఏళ్ల తర్వాత చెప్పేవాళ్ల జ్ఞాపకంలో టీవీలో చూసినవీ కలిసిపోతాయి. రోజు గుర్తులేకపోతే "1978 వేసవి" అనే రాయి. గడి ఖాళీగా ఉందని జూన్ 1 అని నింపితే, రేపు లెక్కలు తీసేవాడికి జూన్‌లోనే ఎక్కువ కనిపించినట్టు వస్తుంది. ఒకే సంఘటన ఇద్దరు చెప్తే నంబరు ఒకటే, వాంగ్మూలాలు రెండు.

బిగ్‌ఫుట్‌ని చూశామన్న కథనాలు సేకరించే సంస్థ, 1995లో మొదలైన బీఎఫ్‌ఆర్‌ఓ, వాడే ఎ, బి, సి తరగతులు నీకూ పనికొస్తాయి. స్పష్టంగా చూసినవి ఎ. దూరం నుంచో చీకట్లోనో చూసినవి, అరుపులు మాత్రమే విన్నవి బి. ఒకరి నోట విని ఇంకొకరు చెప్పినవి సి. పొరబడే అవకాశం ఎంతుందో చూసి తరగతి వెయ్యి, మనిషి పెద్దరికాన్ని చూసి కాదు.

అడుగుజాడలు రాసుకునేటప్పుడు అవి నల్ల ఎలుగువేమోనని జాగ్రత్తగా చూడు. దాని వెనక పాదం ముందరి పాదం అచ్చు మీద పడితే రెండూ కలిసి పొడవాటి ఒకే అడుగులా కనిపిస్తాయి. వేళ్లు చూడు: మన పాదంలో లోపలివైపు వేలు పెద్దది, ఎలుగుకి అదే చిన్నది. ఒక్క అడుగుతో సరిపెట్టుకోకుండా వరసగా దొరికినన్ని కొలువు. పక్కన స్కేలు పెట్టి నిట్టనిలువుగా పైనుంచి ఫొటో తియ్యి. మంచులో అయితే ఎండకి అంచులు కరిగి అచ్చు పెద్దదవుతుంది, కాబట్టి ఎన్నింటికి తీశావో కూడా రాయి.

బూటకమని తేలినదాన్ని మాత్రం చెరిపెయ్యకు. 1958లో కాలిఫోర్నియాలోని బ్లఫ్ క్రీక్ దగ్గర దొరికిన అడుగులతోనే బిగ్‌ఫుట్ అన్న పేరు పత్రికలకెక్కింది. అక్కడ రోడ్డు పనుల కాంట్రాక్టరైన రే వాలెస్ 2002లో చనిపోయాక, అవి ఆయన చెక్క పాదాలతో వేసినవేనని కుటుంబం చెప్పింది. ఆ ఎంట్రీ తీసేస్తే తర్వాతి వాళ్ల మాటల మీద దాని ప్రభావం ఎంతో తెలుసుకునే దారే ఉండదు. పక్కన గుర్తు పెట్టి ఉంచు.

మ్యాపు మీద చుక్కలు పెట్టేటప్పుడు రోడ్లు, క్యాంపు స్థలాలు కూడా గీసుకో. చుక్కలు రోడ్ల వెంట గుంపుగా పడ్డాయంటే, ముందు అక్కడ జనం ఎంత తిరుగుతారో చూడు.